వర్షం రద్దు, కారణం కప్ప

బాలత్రిపురసుందరికి నవ్వొస్తే ఆపుకోవడం చేతకాదు. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టే వేళకి పురోహితుడికి తుమ్మొచ్చింది. తెరకి అవతల కూర్చున్న సుందరి పకపకా నవ్వేసింది. తెరకి ఇవతల పెళ్ళికొడుకు శేషాచలం నవ్వలేదు. అతనికి నవ్వు రాదని కాదు. సందర్భం చూసుకుని, మరీ అవసరమైతే రేపు నవ్వుదాంలే అని దాచుకునే రకం. అలా దాచుకున్నదంతా ఏ మూల పెట్టాడో పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆమెకి అంతుపట్టలేదు. ఇల్లు ఊడ్చినప్పుడల్లా వెతుకుతుంటానని ఇరుగూ పొరుగూ దగ్గర చెప్పి మళ్ళీ నవ్వేది.

శేషాచలం గొల్లవాగుపాలెం బడికి హెడ్మాస్టరు. నరసరావుపేటలో బస్సెక్కితే, కండక్టరు ఇంక టిక్కెట్లు కొట్టాల్సిన పని లేక సీట్లో కూలబడి కునుకు తీసే చోట ఆ ఊరు వస్తుంది. సాగర్ కాలవ చిట్టచివరి కొమ్మ అక్కడే ఆగిపోతుంది. అంతా నల్లరేగడి, మిరప, పత్తి. బావి తవ్వితే నీళ్ళు పడతాయి గానీ నోట పెట్టుకోలేం, ఒకటే ఉప్పు. అంట్లకీ స్నానాలకీ బావులు, తాగడానికి కాలవ నీళ్ళతో నింపుకునే చెరువు. ఆ ఊరి పేరు ఆ ఊరివాళ్ళకీ, వాళ్ళ వియ్యాలవారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మండలాలు వచ్చిన కొత్తలో, ఏ కళనున్నారో గానీ, ఆ ఊరిని మండల కేంద్రం చేశారు. ఆఫీసు వచ్చింది, ఆఫీసుతోపాటు వాన కొలిచే డబ్బా వచ్చింది. ఆఫీసుకి ప్రహరీ గోడ లేదు, గొడ్లు తొక్కేస్తాయి. అందుకని డబ్బాని తెచ్చి బడి ఆవరణలో పాతారు. ఆ ఆవరణలోనే రెండు గదుల్లో శేషాచలం దంపతుల కాపురం. కాబట్టి కొలిచే పని కూడా అతని నెత్తినే పడింది.

చూడ్డానికి అదేమంత ఘనంగా ఉండదు. రేకు డబ్బా, పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళని గీతల గ్లాసులో పోసి కొలవాలి. వాన పడిన రోజు పోస్టాఫీసుకెళ్ళి తంతి కొట్టాలి. ఆ తంతి జిల్లాకి, జిల్లా నుంచి హైదరాబాదుకి, అక్కణ్ణుంచి ఢిల్లీకి.

"దేశం నిండా ఇలాంటి డబ్బాలు వేలున్నాయి సుందరీ," అనేవాడు శేషాచలం, గరాటు తుడుస్తూ. "అన్నీ కలిస్తేనే దేశానికి తన వానెంతో తెలిసేది. మనం తప్పు చెబితే దేశం తప్పు వింటుంది. సీసాలో ఎంతుంటే అంతే చెప్పాలి. మన ఊహ కలపకూడదు, మన జాలి కలపకూడదు."

"మన ఉప్పూ కారం కలపొచ్చా?" అనేది సుందరి. అతను నవ్వేవాడు కాదు.

డబ్బా వచ్చిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్ళాం కలిసి ఊరు దాటింది లేదు. ఒకరు వెళితే ఒకరు ఎనిమిదిన్నరకి డబ్బా దగ్గర ఉండాలి. పెళ్ళిళ్ళకి అతనొక్కడే వెళ్తే, పేరంటాలకి ఆమె ఒక్కతే. అడిగినవాళ్ళకి, "మా సవతి ఒప్పుకోదండీ," అని సుందరి రేకుడబ్బాని చూపించేది.

ఎనభై ఏడులో వానలు మొహం చాటేశాయి. విత్తిన పత్తి మొలకెత్తి మాడిపోయింది. మిరపనారు మళ్ళలోనే ఒరిగిపోయింది. కాలవ ఎండి, చెరువు అడుగు బయటపడింది. ఆడవాళ్ళు చీకటుండగానే లేచి, ఊరి అవతల వాగులో చెలమలు తీసి, చిప్పలతో నీళ్ళు తోడుకుని బిందెలు నింపుకుంటున్నారు. దేశమంతా అదే గోలని పేపర్లు రాశాయి. కరువు మండలాల్ని తేలుస్తున్నారని కబురు వచ్చింది. అందులో పడితే ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు వస్తుంది, గొడ్లకి గడ్డి వస్తుంది. పడాలంటే వాన పడలేదని సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం బడి ఆవరణలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

శ్రావణంలో శేషాచలం చెల్లెలు మంగళగిరిలో గృహప్రవేశం పెట్టుకుంది. రెండ్రోజుల్లో వస్తానని చెప్పి, డబ్బా జాగ్రత్తలన్నీ మూడుసార్లు అప్పజెప్పి అతను బస్సెక్కాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే ఆడవాళ్ళు కప్పతల్లిని లేపారు. ఎనిమిదెకరాల మిరప రైతు వెంకటరావమ్మ దానికి పెద్ద. ఆమె పొలంలో ఇటు గట్టు మీద కేకేస్తే అటు గట్టు మీద ఎడ్లు ఆగిపోతాయి. రోకలికి పసుపు రాసి, వేపమండలు కట్టి, నడుమ గుడ్డలో కప్పని కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ఇంటావిడ ఎదురొచ్చి దాని మీద నీళ్ళు గుమ్మరించాలి. కప్ప బెకబెకమంటే పైన మేఘానికి వినిపిస్తుందని లెక్క. ఆ ఏడు అసలు కప్పకే కరువొచ్చింది. చివరికి జైతున్‌బీ ఇంట్లో కుండల కింద తడి ఇసకలో ఒకటి దొరికింది.

"ఇది మా ఇంట్లో పుట్టి పెరిగింది. పని కాంగానే తెచ్చి నాకియ్యాల," అని షరతు పెట్టి ఇచ్చింది జైతున్‌బీ.

బావుల్లో ఉప్పునీళ్ళకి కొదవ లేదు. బిందెలకి బిందెలు తోడి కప్ప మీద పోశారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పోసుకున్నారు, చూరుల మీదికి చిమ్మారు. పాటలు, కేకలు. వీధి మొత్తం బురదైంది. ఆ ఊపులోనే బడి ఆవరణలోకి వచ్చారు. సుందరి అప్పటికే కొంగు బిగించి బిందెతో సిద్ధంగా ఉంది.

వెంకటరావమ్మ చూపు రేకుడబ్బా మీద పడింది.

"అమ్మగారూ, ఢిల్లీకి చెప్పేది ఇదేనా?"

"ఇదే."

"దీని నోరు చూడండి, పిడచకట్టుకుపోయింది! మన తరఫున అడిగేదాని నోరే ఎండిపోతే ఇంకేం అడుగుద్ది? దీనిక్కూడా పొయ్యండే!"

ఆపాల్సిన మనిషి సుందరి. మొగుడు మూడుసార్లు అప్పజెప్పి వెళ్ళిన డబ్బా. కానీ ఆ మాటకి ఆమెకి కడుపు చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. తానే ముందుకెళ్ళి, "తాగవే సవతీ, తాగు!" అని చెంబుతో గరాట్లో పోసింది. తర్వాత ఎవరెంత పోశారో ఎవరికి తెలుసు! డబ్బా చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగారు. కప్ప కూడా ఒకసారి బెకమంది. అందరూ ఆకాశం వంక చూశారు. అక్కడేం లేదు.

పడుకునేటప్పుడు సుందరికి డబ్బా గుర్తొచ్చింది. ఆ, పొద్దున కొలిచే వేళకి పారబోస్తే సరిపోతుందిలే అనుకుంది. మొగుడు ఎల్లుండి గానీ రాడు కదా.

మొగుడు మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగాడు. ముహూర్తం రాత్రే అయిపోయిందట, చెల్లెలింట్లో నిద్రపట్టలేదట, డబ్బా మీదే బెంగట. ఆ సమయానికి సుందరి చెలమ దగ్గర వరసలో నిలబడి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు, మగవాళ్ళు గొడ్ల వెంట పోయారు. శేషాచలం బస్టాండు మలుపు తిరిగేసరికి వీధంతా తడి. ప్రతి వాకిట్లో బురద, చూరుల కింద గుంటలు. సంచీ చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో బడి ఆవరణలోకి వచ్చాడు. అక్కడా తడే. ఎనిమిదిన్నర దాకా డబ్బా ఎదురుగా నిలబడి, సీసా తీశాడు. ఏడు సెంటీమీటర్లు!

చెలమలో ఊట తగ్గడంతో సుందరికి ఆలస్యమైంది. బిందెతో గేటు దాటి లోపలికొచ్చేసరికి అరుగు మీద శేషాచలం నిలబడి నవ్వుతున్నాడు. మామూలుగా కాదు, పైవరస పళ్ళూ కిందివరస పళ్ళూ అన్నీ కనిపించేటట్టు.

"సుందరీ, పడిందే! ఏడు సెంటీమీటర్లు! నేను లేకుండా చూసి పడిందే!"

సుందరి చంకలో బిందె జారబోయింది.

"తంతి కొట్టేసి వచ్చా! మొదటి వాన కదా, కొంచెం నీళ్ళు చిన్న సీసాలో పోసి, పోస్టుమాస్టరుగారి చేత లక్క వేయించి, తారీఖు ముద్ర కొట్టిన చీటీ అంటించి దేవుడి దగ్గర పెట్టా. ఇదిగో, నీకు చీర. మంగళగిరి చీర. పెట్టె అడుగున పెట్టకు, ఇవాళే కట్టుకో!"

చెప్పాలి. వెంటనే చెప్పాలని ఆమెకి తెలుసు. కానీ పందొమ్మిదేళ్ళుగా ఇల్లంతా వెతికిన నవ్వు ఎదురుగా నిలబడి ఉంది. అది ఇంత అందంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం చూసి చెబుదామనుకుంది. ఈలోపు అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని, బడి ఆవరణలో, చిన్నపిల్లలాడే ఒప్పులకుప్ప తిప్పడం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరు! నలభై ఆరేళ్ళవాడు! సుందరి కూడా తిరిగింది. చీరకుచ్చెళ్ళు ఎగిరాయి, బురద ఎగిరింది, కళ్ళజోడు ఎగిరింది. ఆమె జన్మలో అంత సంతోషం ఎరగదు, అంత భయమూ ఎరగదు.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర జైతున్‌బీ నిలబడింది.

"సుందరమ్మగారూ, నా కప్పని మీ ఇంట్లోనే వదిలేశారంట గదా?"

ఒప్పులకుప్ప ఆగింది.

"ఏ కప్ప?" అన్నాడు శేషాచలం.

సుందరి మొత్తం చెప్పింది. చెబుతూ మధ్యలో రెండుసార్లు నవ్వింది, అది ఆమె చేతిలో లేదు. చివరికొచ్చేసరికి ఏడ్చింది. శేషాచలం అరుగు మీద కూలబడి కళ్ళజోడు బురద తుడుచుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని సుందరి ఎన్నాళ్ళో అనుకుంది. ఆ మొహంలోంచి నవ్వు పోయిన తీరు చూసి ఆమె గుండె తరుక్కుపోయింది.

ఇద్దరూ పోస్టాఫీసుకి పరుగెత్తారు. పోస్టుమాస్టరు రాధాకృష్ణమూర్తి రోజూ నరసరావుపేట నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, పొద్దున వీధిలో తడి చూసి తనూ వానే అనుకున్నాడు. అంతా విని నోరు తెరిచాడు.

"మాస్టారూ, పెళ్ళి రద్దని కొట్టాను, ప్రయాణం రద్దని కొట్టాను. వాన రద్దని కొట్టడం నా సర్వీసులో ఇదే మొదలండీ. సరే, కారణం ఏమని పెట్టమంటారు?"

శేషాచలం చాలాసేపు ఆలోచించాడు. రోకలి గురించీ వేపమండల గురించీ తంతిలో ఎలా చెప్పడం? అబద్ధం చెప్పడం అతనికి రాదు. చివరికి తలొంచుకుని, "కప్ప," అన్నాడు.

వర్షం రద్దు, కారణం కప్ప. ఈ నాలుగు మాటలూ తీగ మీద గుంటూరు వెళ్ళాయి. చదివినవాళ్ళు టీ తాగడం ఆపి ఉంటారు.

కానీ మొదటి తంతి అప్పటికే చేరాల్సిన చోటికి చేరింది. సాయంత్రం బస్టాండులో సుభానీ టీకొట్టు దగ్గర రేడియో చుట్టూ జనం మూగారు. వార్తల చివర్న చదివారు: నిన్న రాష్ట్రంలో అత్యధికంగా గొల్లవాగుపాలెంలో ఏడు సెంటీమీటర్ల వర్షం నమోదైంది.

ఒక్కసారిగా ఈలలు, కేకలు. వెంకటరావమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మన ఊరి పేరే! ఎంత ముద్దుగా పలికిందో చూడండి!" ఇంకోసారి చదివితే బాగుండని రేడియోని బతిమాలింది. ఆ గోలలో సుందరి కూడా చప్పట్లు కొట్టేసింది. అప్పుడు సుభానీ గ్లాసులు కడుగుతూ మెల్లిగా అన్నాడు.

"అంటే ఇంక మనకి ట్యాంకరు రాదుగా?"

అంతే. వెంకటరావమ్మే చెయ్యి చాచి రేడియో కట్టేసింది.

మర్నాడు పక్క ఊరివాళ్ళు, ఇక్కడ పచ్చిక మొలిచి ఉంటుందని, గొడ్లని తోలుకొచ్చారు. పత్తి విత్తనాల వ్యాపారి సంచులతో దిగాడు. ఎవరి వియ్యంకుడో వాన చూసిపోదామని బండి కట్టించుకొచ్చాడు. అందరికీ వెంకటరావమ్మే కప్ప కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ డబ్బాలో పోసిన నీళ్ళు రెండు బిందెలు పెరిగాయి.

వారం తిరక్కుండా జీపు వచ్చింది. అందులోంచి జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు జానకిరామయ్య దిగాడు. మంచివాడే గానీ ఎండకి మాడిపోయి ఉన్నాడు, చేతిలో ఆ రెండో తంతి ఉంది.

"ఏంటి మాస్టారూ ఇది? వాన పడిందని మీరే చెప్పారు. కరువు మండలాలు తేలుస్తున్నారని తెలిశాక పడలేదంటున్నారు. దానికి కప్ప కారణం అంటున్నారు. మా పైవాళ్ళు దీన్నేమనుకుంటారు?"

"తప్పు నాదండీ. వాన మాత్రం పడలేదు," అన్నాడు శేషాచలం.

"పక్క మండలాల్లో పడలేదు, నిజమే. కానీ ఒక ఊళ్ళో కురిసి పక్క ఊళ్ళో కురవకపోవడం ఎక్కడా లేదా? వారం ఎండకి నేల మళ్ళీ పగిలింది, దాన్ని చూస్తే ఏం తెలుస్తుంది? ట్యాంకరు కోసం వానని దాచారంటే నేనేం జవాబు చెప్పను?"

వెంకటరావమ్మ ముందుకొచ్చింది. "నా చేత్తో పోశాను సార్! ఈ పున్నమ్మ పోసింది, ఆ జైతున్‌బీ పోసింది. కావాలంటే కప్పని పిలిపిస్తా!"

"ట్యాంకరు కావాల్సిందీ మీకే, సాక్ష్యం చెప్పేదీ మీరేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, విసుగ్గా.

శేషాచలం తలొంచుకుని నిలబడ్డాడు. సీసాలో ఎంతుంటే అంతే చెప్పే మనిషి. అబద్ధం రాక, కప్ప అని తంతి కొట్టించిన మనిషి. అతన్ని ఊరందరి ముందూ దొంగలా నిలబెట్టిందెవరు? తన నవ్వే. సుందరికి నోట్లో కొంగు కుక్కుకుని ఏడవాలనిపించింది.

"కాసిని మంచినీళ్ళిప్పించండమ్మా," అన్నాడు ఆఫీసరు, మెడ తుడుచుకుంటూ.

సుందరి లోపలికెళ్ళింది. కుండలో అరగ్లాసు చెలమ నీళ్ళున్నాయి. అవి ముంచుతుంటే దేవుడి గూట్లో, లక్క ముద్రతో, చిన్న సీసా కనిపించింది. చూస్తూ నిలబడిపోయింది. ఆ తర్వాత, బయట మొగుడు తలొంచుకుని ఉండగా, ఊరికి ట్యాంకరు పోతుండగా, లోపల్నుంచి పకపకా నవ్వు వినిపించింది. అందరూ తలలు తిప్పి చూశారు. శేషాచలం కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఒక చేత్తో గ్లాసూ ఒక చేత్తో సీసా పట్టుకుని వచ్చింది.

"సార్, ఇదేనండీ మీరు అడుగుతున్న వాన! మా వారు నిజం వాననుకుని, తంతి కొట్టిన పూటే దాచుకున్నారు. లక్క పోస్టుమాస్టరుగారిది, తారీఖు ముద్ర చూడండి. అప్పటికి ఆయనకి కప్ప సంగతే తెలీదు. మీ చేత్తో తీసి, ముందు ఇది పుచ్చుకోండి."

జానకిరామయ్య లక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. పగలగొట్టి, అరచేతిలో పోసుకుని, ఇంకేం ఆలోచించకుండా నోట్లో వేసుకున్నాడు. మొహం అష్టవంకరలు పోయింది. ఆవరణ మూలకి పరుగెత్తి ఉమ్మేసి, దగ్గుతూ వచ్చాడు.

"ఇదేంటమ్మా, ఉప్పు కషాయం!"

"మా బావి నీళ్ళండీ!" అన్నారు ఆడవాళ్ళంతా ఒకే గొంతుతో. ఊరి ఉప్పుని అంత గర్వంగా వాళ్ళెప్పుడూ చెప్పుకోలేదు.

పున్నమ్మ అప్పటికే బావిలో చేద వేసింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని రుచి చూశాడు, ఉద్యోగ ధర్మం. అప్పుడిచ్చింది సుందరి అరగ్లాసు మంచినీళ్ళు. తాగి, గ్లాసు అడుగు చూసి, "ఇంకొంచెం ఉన్నాయా?" అన్నాడు.

"లేవండీ. ఉన్నవి అవే," అంది సుందరి. ఈసారి నవ్వలేదు.

జానకిరామయ్య ఖాళీ గ్లాసుని జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. "ఆకాశం నుంచి ఉప్పునీళ్ళు పడవు మాస్టారూ," అన్నాడు మెత్తగా. "కప్ప సంగతి నేను చెప్పుకుంటాలెండి." జీపెక్కబోతూ ఒక్కసారి ఆగి, ఆ తంతి మళ్ళీ చదువుకుని, బానెట్ మీద చెయ్యేసుకుని పడీపడీ నవ్వాడు.

పదిరోజుల్లో ట్యాంకరు వచ్చింది. డ్రైవరు దిగకముందే వెంకటరావమ్మ దాని టైర్లకి పసుపు రాసి బొట్లు పెట్టింది. జైతున్‌బీ కప్ప మళ్ళీ కుండల కిందికి చేరింది. బాలత్రిపురసుందరి కొత్త మంగళగిరి చీర కట్టుకుని వరసలో నిలబడింది. శేషాచలం ఆమెతో మామూలుగానే మాట్లాడేవాడు. కాకపోతే ఆ నవ్వు మళ్ళీ ఎక్కడో పెట్టేశాడు. ఈసారి వెతకడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

దసరా వెళ్ళాక ఒక తెల్లవారుజామున పెంకుల మీద టపటపమంది. సుందరి లేచి కూర్చుంది. శేషాచలం ముందే లేచి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దు పొడిచినా వాన ఆగలేదు. ఎనిమిదిన్నరకి అతను గొడుగేసుకుని డబ్బా దగ్గరికెళ్ళాడు. సీసా తీశాడు. మెడదాకా ఉంది. గ్లాసులో పోయబోయి ఆగాడు. చూపుడువేలు ముంచి నాలిక మీద రాసుకున్నాడు. ఇంకోసారి రాసుకున్నాడు. తన నాలిక మీద తనకే నమ్మకం చాలలేదు.

"సుందరీ! ఒకసారి ఇట్రా. వెంకటరావమ్మ గానీ వచ్చి వెళ్ళిందా?"

"లేదండీ!" సుందరి తడుస్తూనే పరుగెత్తుకొచ్చింది.

"రుచి చూడు."

అతని ఉద్దేశం వేలు ముంచమని. కానీ సుందరి వేసవి నుంచీ చెలమ నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ తాగి ఉన్న మనిషి. సీసా రెండు చేతులా అందుకుని, ఎత్తి, గటగటా ఒక పెద్ద గుక్క తాగేసింది.

"తియ్యగా ఉన్నాయండీ!"

"కొలవలేదే!" అని అరిచాడు శేషాచలం.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సుందరి రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడు శేషాచలం గొడుగు పక్కన పారేసి, వానలో నిలబడి, పైవరసా కిందివరసా కనిపించేటట్టు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ డబ్బాని పట్టుకుని ఆగాడు. కళ్ళు తుడుచుకుని, మిగిలిన నీళ్ళు గ్లాసులో పోసి, గీత దగ్గరికి కళ్ళజోడు వంచి చూసి, సీసాలో ఎంతుందో అంతే తంతి కొట్టి వచ్చాడు.

ఆ ఏడు దేశంలో కురిసిన వానంతా ఢిల్లీలో కూడితే ఒక గుక్క తక్కువైంది. అది బాలత్రిపురసుందరి తాగింది.